రుషికుల్య నుంచి పులికాట్ దాకా తాబేళ్ల మాస్టారితో

తూర్పు తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కే కాలం జనవరిలో మొదలై ఏప్రిల్ దాకా సాగుతుంది. చేపల వేట ముమ్మరంగా ఉండేదీ అప్పుడే. ఈ రెండూ ఒకే నెలల్లో, ఒకే నీళ్లలో జరగడమే తాబేళ్లకు వచ్చిన ఆపద. మా మాస్టారు తన ఉద్యోగ జీవితమంతా ఈ ఒక్క చిక్కు మీదే పెట్టారు. జంతుశాస్త్ర పరిశోధక విద్యార్థిగా 1980లలో తీరానికి వచ్చిన ఆయన, పదవీ విరమణ చేశాక కూడా ఫిబ్రవరి వస్తే ఇంట్లో ఉండరు.

ఈసారి ఆయన సంచిలో ఒక ప్రతిపాదన ముసాయిదా ఉంది. గోదావరి, కృష్ణా నదులు సముద్రంలో కలిసే మొగలకు ఎదురుగా కొంత సముద్రాన్ని జనవరి నుంచి మార్చి దాకా ట్రాలర్లు (పెద్ద వలను ఈడ్చుకుంటూ వేటాడే యంత్ర పడవలు) లేకుండా వదలాలన్నది అందులోని ప్రధానమైన కోరిక. అధికారుల దగ్గరికి వెళ్లేలోపు దాన్ని తీరం పొడవునా మత్స్యకారులకు చదివి వినిపించాలని బయలుదేరారు. ఆయన దగ్గర చదువుకున్న నేను రాసుకోవడానికి వెంట వెళ్లాను.

మొదటి రోజు: రుషికుల్య

గంజాం దాటి రుషికుల్య మొగకు చేరేసరికి సాయంత్రమైంది. ఇది ఒడిశా అయినా ఒడ్డున మమ్మల్ని పలకరించినవాళ్లు తెలుగులోనే పలకరించారు. పొడంపేట లాంటి పల్లెల్లో వేటకు వెళ్లే నోలియాల ఇళ్లలో తరతరాలుగా తెలుగే మాట్లాడుతున్నారు. పొడంపేట పాత ఊరిని సముద్రం కోసేయడంతో జనం లోపలికి తరలివెళ్లారు.

మాస్టారు వచ్చీ రాగానే తాబేళ్ల ఊసెత్తలేదు. ఈ ఏడు ఏ చేప పడుతోంది, డీజిల్ ఖర్చు ఎంతవుతోంది, ఎవరి పిల్లలు ఏం చదువుతున్నారు అని అడిగారు. ఆయన పద్ధతి మొదటినుంచీ ఇదే. ముందు చేప, తర్వాత టీ, ఆ తర్వాతే తాబేలు.

ఇక్కడ తాబేళ్లు లక్షల సంఖ్యలో ఒక్కసారిగా గుడ్లు పెడతాయని 1994లో గానీ శాస్త్రవేత్తలకు తెలియలేదు. భారత వన్యప్రాణి సంస్థ పరిశోధకుడు బివాష్ పాండవ్ ఆ సంగతిని లోకానికి చెప్పారు. అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1974లో, ఒడిశాలోనే గహిర్మాత తీరం వెలుగులోకి వచ్చింది. రుషికుల్యలో 2025 ఫిబ్రవరిలో కొద్ది కిలోమీటర్ల ఇసుక మీద దాదాపు ఏడు లక్షల తాబేళ్లు గుడ్లు పెట్టాయని లెక్క తేలింది. ఈ తీరం గురించి పల్లెవాసులకు 1994కు ముందు తెలియదని కాదు. వాళ్లను అడిగినవాళ్లే లేరు. ఈ మాట అన్నప్పుడు మాస్టారి గొంతులో కాస్త కోపం వినిపించింది.

మేం వెళ్లిన రాత్రికి గుంపు ఇంకా ఒడ్డుకు రాలేదు. మొగకు ఎదురుగా నీళ్లలో చేరుతున్నాయని పడవవాళ్లు చెప్పారు. టార్చి మూతికి ఎర్ర కాగితం కట్టుకుని నడుస్తుంటే ఒంటరిగా వచ్చిన తల్లి ఒకటి కనిపించింది. నలభై కిలోల దాకా ఉంటుంది. వెనక కాళ్లతోనే, వెనక్కి చూడకుండానే, ఒక కాలి తర్వాత మరో కాలితో ఇసుక తోడి మూరెడు లోతున సన్నమూతి కుండలాంటి గొయ్యి తవ్వింది. నూరుకు పైగా గుడ్లు పెట్టి, గొయ్యి పూడ్చి, ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ పొట్టచిప్పతో ఇసుకను దబదబా అదిమింది. దాని కళ్ల నుంచి కారిన నీరు ఏడుపు కాదు. ఒంట్లోని అదనపు ఉప్పును గ్రంథులు అలా బయటికి పంపుతాయి.

ఆ గుడ్లు పొదగడానికి నలభై అయిదు నుంచి అరవై రోజులు పడుతుంది. పిల్ల ఆడదో మగదో తేల్చేది ఇసుక వేడి. దాదాపు 29, 30 డిగ్రీల దగ్గర రెండూ కలిసి పుడతాయి. వేడి అంతకంటే బాగా పెరిగితే పుట్టేవన్నీ ఆడవే.

2021లో ఒడిశాలో రెక్కకు ట్యాగు వేసిన ఒక తాబేలు 2025లో పడమటి తీరాన, మహారాష్ట్రలోని గుహాగర్‌లో గుడ్లు పెట్టింది. ఈ కబురు తెలిసిన రోజు మాస్టారు నాకు ఫోను చేసి, ఆనందంతో మాట పెగలక కాసేపు ఊరుకున్నారు. రెండు తీరాల తాబేళ్లూ వేరువేరు అనుకున్న ఆలోచనను ఆ చిన్న లోహపు ముక్క తిరిగి పరిశీలించేలా చేసింది.

ఒడిశాలో ధామ్రా, దేవి, రుషికుల్య నదుల మొగల దగ్గర నవంబర్ 1 నుంచి మే 31 దాకా, ఒడ్డు నుంచి 20 కిలోమీటర్ల వరకు వేట మీద నిషేధం ఉంటుంది. దీని గురించి అడిగితే ఒక పెద్దాయన ఇలా అన్నారు: “తాబేలు మాకు దేవుడే మాస్టారూ. కాదనడం లేదు. కానీ ఏడు నెలలు వల మడిచిపెడితే ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది?” మాస్టారు ఆ ప్రశ్నను ముసాయిదా వెనకవైపు రాసుకున్నారు.

రెండో రోజు: తేలినీలాపురం, శ్రీకూర్మం

సరిహద్దు దాటి టెక్కలి దగ్గరున్న తేలినీలాపురం వెళ్లాం. ఇళ్ల మీదికి వంగిన చెట్ల నిండా గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు. పిల్లల అరుపులు, రెట్టల వాసన, గూళ్ల నుంచి జారిపడే చేపలు. ఈ ఊరివాళ్లు ఇదంతా భరించడమే కాదు, పక్షులు రావడం ఆలస్యమైతే దిగులుపడతారు కూడా. వాటి రాక శుభమని వాళ్ల నమ్మకం. గూళ్లున్న చెట్టును కొట్టరు.

ఇవి సైబీరియా నుంచి వస్తాయని పత్రికలు ఏటా రాస్తాయి. మాస్టారికి ఇది నచ్చదు. ఈ రెండు జాతులూ దక్షిణ, ఆగ్నేయాసియా దేశాలవే. మన చెరువుల మధ్య, చిత్తడి నేలల మధ్య తిరుగుతూ బతుకుతాయి. “సైబీరియా పక్షులంటే అతిథులు. నాలుగు రోజులు చూసి మురిసిపోతాం. ఇక్కడివే అంటే వాటి ఏడాది పొడుగు తిండి మన బాధ్యత అవుతుంది” అన్నారు. ఆ తిండి దొరికే చోట్లలో ముఖ్యమైనది దగ్గర్లోని నౌపడ చిత్తడి నేల. అటువైపు మూలపేట దగ్గర ఓడరేవు పనులు నడుస్తున్నాయి. గూడును ఊరు కాపాడుతుంది. మేతభూమిని కాపాడేవాళ్లు ఎవరన్నదే ఇక్కడ నన్ను వేధించిన ప్రశ్న.

సాయంత్రం శ్రీకూర్మంలో ఆగాం. విష్ణువును తాబేలు రూపంలో కొలిచే ఆలయం ఉన్న ఊరికి కూతవేటు దూరంలోనే తాబేళ్లు ఒడ్డెక్కే ఇసుక ఉంది. ఆ భక్తి వల్ల ఈ తీరంలో తాబేలు మాంసం తినేవాళ్లు అరుదు, దాన్ని చంపాలని చంపేవాళ్లు దాదాపు లేరు. తీరంలో వల బాగుచేసుకుంటున్న యువకుడు మాత్రం సూటిగా అడిగాడు: “బతికున్నది వలలో చిక్కితే దండం పెట్టి వదిలేస్తాం. చచ్చింది పైకొస్తే ఏం చేయమంటారు?” ఎవరి దగ్గరా జవాబు లేదు. మాస్టారు ముసాయిదా తీసి మొదటిసారి పూర్తిగా చదివింది ఇక్కడే, ఆ వల పక్కన కూర్చుని.

మూడో రోజు: విశాఖపట్నం

నగరం గురించి చెప్పాల్సింది తక్కువ. బీచి రోడ్డు దీపాలు రాత్రంతా వెలుగుతాయి. గుడ్డు పగిలి ఇసుకలోంచి పైకొచ్చిన పిల్ల ఎటు ఎక్కువ వెలుతురుంటే అటే పరుగెడుతుంది. మనుషుల దీపాలు లేని కాలంలో ఆ వెలుతురు సముద్రం మీదే ఉండేది. ఇప్పుడది రోడ్డు వైపు ఉంది. అందుకే నగర తీరాల్లో గుడ్లను తీసి కంచె వేసిన హేచరీల్లో పూడ్చిపెట్టడం తప్పడం లేదు.

పగలంతా చేపల రేవులోనే గడిపాం. 2023 నవంబర్‌లో ఇక్కడ మంటలు రేగి పదుల పడవలు బూడిదయ్యాయి. అప్పుల మీద అప్పులు చేసి తిరిగి పడవలు కట్టుకున్నవాళ్ల ముందు తాబేళ్ల మాట ఎత్తాలంటే నాకైతే నోరు రాలేదు. మాస్టారు ఎత్తారు.

చర్చంతా టెడ్ మీద నడిచింది. ట్రాల్ వల గొంతు దగ్గర ఏటవాలుగా బిగించే ఊచల చట్రం అది. రొయ్యలు, చేపలు ఊచల సందుల్లోంచి వల చివరికి పోతాయి. తాబేలు చట్రానికి తగిలి, దాని వెంట జారి, పైనో కిందో ఉన్న తెరిపిలోంచి బయటపడుతుంది. తాబేలుకు ఊపిరితిత్తులే ఉన్నాయి, మొప్పలు లేవు. నిశ్చలంగా ఉంటే నీటి కింద చాలాసేపు ఆగగలదు. వలలో పెనుగులాడితే ఒంట్లోని ఆక్సిజన్ చప్పున అయిపోతుంది. గంటల తరబడి లాగే వలలో చిక్కితే మునిగి చచ్చిపోవాల్సిందే. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన పడవలకు తగ్గట్టు ఒక టెడ్ తయారుచేసింది. వాడకం మాత్రం పెరగలేదు. ఆ కారణం చూపే 2019లో అమెరికా మన సముద్రంలో పట్టిన రొయ్యల దిగుమతిని ఆపేసింది.

ఒక పడవ యజమాని తన అభ్యంతరాలు వరసగా చెప్పారు. జెల్లీచేపలు, చెత్త ఊచలకు అడ్డుపడితే తెరిపిలోంచి సరుకంతా పోతుంది. పెద్ద చేపలు కూడా బయటికి పోతాయి. అమెరికాకు వెళ్లేవి ఎక్కువగా చెరువు రొయ్యలే గనుక, సముద్రపు రొయ్య ఆగినా ఎగుమతిదారుకు పెద్ద దెబ్బ లేదు. ఆ దెబ్బ పడవవాళ్లకే తగిలింది.

“ఆయన చెప్పిన వాటిలో అబద్ధం ఒక్కటీ లేదు” అన్నారు మాస్టారు బయటికి వచ్చాక.

నిబంధనలు లేక కాదు. మన రాష్ట్రంలో ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల దాకా నీళ్లు తెప్పలకు, చిన్న నావలకు. ట్రాలర్లు ఆ అవతలే వేటాడాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరమంతా యంత్ర పడవల వేట ఆగుతుంది. ఆ రోజులకు ఇచ్చే భృతిని 2025లో 20,000 రూపాయలు చేశారు. కానీ ఆ 61 రోజులు చేపల సంతానోత్పత్తి చూసి పెట్టినవి. నిషేధం మొదలయ్యేసరికి తాబేళ్లు చాలావరకు గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. అవి ఒడ్డుకు దగ్గరగా గుమికూడి, జతకట్టి, మునిగి తేలే జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో సముద్రం తెరిచే ఉంటుంది. మాస్టారి ముసాయిదా నిలిచింది ఈ ఖాళీ మీదే. ఇన్నేళ్లలో ఇంత సూటిగా కనిపిస్తున్న సంగతిని ఎందుకు పట్టించుకోలేదన్నది నాకు మింగుడు పడలేదు.

నాలుగో రోజు: ఉప్పాడ, కోరంగి

ఉప్పాడ దగ్గర రోడ్డు పక్కనే సముద్రం ఊరిని కోస్తోంది. నదుల మీద ఆనకట్టలు పెరిగాక డెల్టాలకు చేరే ఒండ్రు తగ్గింది. ఒండ్రు రాని తీరాన్ని కెరటం తినేస్తుంది. తాబేలు గుడ్లు పెట్టే ఇసుక, మత్స్యకారుడు వల ఆరబెట్టే ఇసుక ఒకటే. పోయినప్పుడు ఇద్దరికీ కలిపే పోతుంది.

మధ్యాహ్నానికి చొల్లంగి చేరి మడ అడవిలోకి పడవలో వెళ్లాం. కోరంగి అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు. విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లకు పైనే. ఒకప్పుడు ఓడలు కట్టిన కోరంగి రేవు 1839 నవంబర్ తుఫానులో తుడిచిపెట్టుకుపోయింది. ఆ ఊరి పేరే ఇప్పుడు అడవికి మిగిలింది.

పాటు మీద, అంటే సముద్రపు నీరు వెనక్కి తగ్గే వేళ, వెళ్లాం కాబట్టి బురద బయటపడి ఉంది. తెల్లమడ చెట్ల చుట్టూ ఊపిరి వేళ్లు నేలలోంచి నిటారుగా పొడుచుకు వచ్చాయి. ఆ బురదలో గాలి ఉండదు గనుక వేళ్లు పైకొచ్చి పీల్చుకుంటాయి. ఉప్పుపొన్న గింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, పొడవుగా వేలాడి, అదును చూసి బురదలోకి జారుతుంది. నేలన పడ్డ గింజను పోటు కొట్టుకుపోతుంది కాబట్టి ఈ చెట్టు మొలకనే కని వదులుతుంది. బురద మీద గెంతే చిన్న చేపలు, ఒక కొండి పెద్దదిగా ఉన్న పీతలు. సరంగు ఇంజను ఆపేశాడు. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఇక్కడి అసలు నివాసి బావురుపిల్లి. ఊరి పిల్లికి రెండింతలుండి, నీళ్లలోకి దూకి చేపను పట్టే పిల్లి. ఒంటిని అంటిపెట్టుకున్న దట్టమైన లోపలి బొచ్చు వల్ల నీరు చర్మానికి చేరదు. వేళ్ల మధ్య కొంతమేర పొర ఉంటుంది. ప్రపంచమంతటా వీటి సంఖ్య తగ్గుతోందని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం జాబితా చెబుతోంది. మన చట్టంలో పులికున్న రక్షణే దీనికీ ఉంది. పగటిపూట కనిపించదు. శాస్త్రవేత్తలు చెట్లకు కెమెరాలు కట్టి, మలాన్ని ఆరబెట్టి, అందులో చేప ముళ్లు, పీత పెంకులు ఏరి దాని బతుకును తెలుసుకుంటారు. మాస్టారి శిష్యులు కొందరు ఏళ్ల తరబడి చేసిన పని అదే. ఫోటో బాగుంటుంది, అందరూ చూస్తారు. ముళ్లు ఏరి లెక్కపెట్టిన చేతులను ఎవరూ చూడరు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మడ అడవి నరికిన చోట మళ్లీ దానంతట అది ఎందుకు పెరగదన్నది నాకు ఈ ప్రయాణంలో అన్నిటికంటే నచ్చిన పాఠం. చెట్లు పోయాక ఎండకు నేల ఎండి కుంగుతుంది. పల్లమైన చోట పోటు నీరు నిలిచి, బయటికి పోలేక ఆవిరవుతుంది. ఉప్పు పేరుకుంటుంది. ఆ ఉప్పుకు మడ మొలక కూడా చస్తుంది. 1990ల చివర్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ గోదావరి, కృష్ణా మడ అడవుల్లో అటవీశాఖతోనూ పల్లెలతోనూ కలిసి ఒక పని చేసింది. చేప వెన్నెముక ఆకారంలో పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా పిల్ల కాలువలు తవ్వింది. పోటు వచ్చి పాటుతో వెనక్కి పోవడం మొదలుకాగానే ఉప్పు కడుక్కుపోయింది. ఆ తర్వాతే మొక్కలు నాటారు. మొక్క కంటే ముందు నీటి దారి. ఏటా నాటిన మొక్కల సంఖ్యే గొప్పగా చెప్పుకునేవాళ్లు ఈ వరస గమనించాలి.

అయిదో రోజు: హోప్ ఐలాండ్

కాకినాడ నుంచి పొద్దున్నే పడవ ఎక్కాం. గోదావరి తెచ్చిన ఇసుక పోగై సుమారు రెండు వందల ఏళ్లలో సాగుతూ పెరిగిన పొడవాటి మేట ఇది. తుఫాను కెరటాల నుంచి కాకినాడ రేవుకు అడ్డుగోడ. దీని ఇసుక మీద, దక్షిణాన సాక్రమెంటో దీవి మీద తాబేళ్లు గుడ్లు పెడతాయి.

ఆ రోజు మేం చూసినవి చనిపోయినవే ఎక్కువ.

అల అంచున ఒకటి, కాస్త దూరంలో రెండు, మళ్లీ ఒకటి. ఉబ్బిన మెడ, బయటికి పొడుచుకొచ్చిన కళ్లు. గాయాలు లేవు. మాస్టారు ప్రతిదాని దగ్గరా మోకాళ్ల మీద కూర్చుని, టేపుతో చిప్ప పొడవు కొలిచి, తోక చూసి ఆడో మగో చెప్పారు. నేను రాశాను. మళ్లీ లెక్కలోకి రాకుండా చిప్ప మీద రంగు గీత పెట్టాం. గుడ్లు నిండిన ఆడతాబేలు దగ్గర ఆయన ఎక్కువసేపు ఆగారు. 2025 జనవరిలో చెన్నై తీరానికి వందల కొద్దీ కొట్టుకొచ్చినప్పుడు దేశమంతా చూసింది. ఏటా చిన్న సంఖ్యల్లో, ఎవరూ నడవని ఇలాంటి ఇసుక మీద జరిగేది వార్త కాదు.

“హేచరీలో పిల్లలను వదిలేటప్పుడు ఎంతమంది వస్తారు! మంచిదే, పిల్లలు చూడాలి కూడా. కానీ ఈ తల్లి లెక్క వేరమ్మా” అన్నారు.

లెక్క ఏమిటంటే, పిల్లల్లో పెద్దవయ్యేవి వెయ్యికి ఒకటి అని సాధారణంగా చెప్పే అంచనా. రిడ్లే పెద్దది కావడానికి పదేళ్లకు పైనే పడుతుంది. అన్ని గండాలూ దాటి గుడ్లు పెట్టే దశకు వచ్చిన ఒక ఆడతాబేలు చస్తే, ఆ లోటును వేల గుడ్లతో పూడ్చాలి. అమెరికాలో లాగర్‌హెడ్ తాబేళ్ల మీద 1987లో వచ్చిన ఒక ప్రసిద్ధ అధ్యయనం గణితంతో ఇదే చూపింది. గుడ్లన్నిటినీ కాపాడినా, పెరిగిన తాబేళ్లు వలల్లో చస్తుంటే జాతి తగ్గుతూనే ఉంటుంది. వలల్లో టెడ్ తప్పనిసరి చేయాలన్న వాదనకు అక్కడ బలం వచ్చింది ఈ లెక్కతోనే. ఆ వ్యాసం చదివాకే మాస్టారు ఇసుక వదిలి పడవల వైపు తిరిగారట. గుడ్లు కొలిచే శాస్త్రవేత్త రేవుల్లో కూర్చుని వలల గురించి వాదించడం మొదలుపెడితే, తోటివాళ్లకు అది పరిశోధనలా కనిపించలేదు. పదోన్నతి ఆలస్యమైంది. ఆయన దాని గురించి బాధపడగా నేను చూడలేదు.

రాత్రి కాకినాడలో అన్నం తింటూ సతీష్ భాస్కర్ గురించి చెప్పారు. సముద్ర తాబేళ్ల కోసం మన దేశపు తీరాన్ని వేల కిలోమీటర్లు కాలినడకన సర్వే చేసిన మనిషి. 1982 వర్షాకాలమంతా లక్షదీవుల్లో జనం లేని సుహేలి దీవిలో ఒంటరిగా ఉండిపోయారు. ఆ నెలల్లో పడవలు రావు. భార్యకు ఉత్తరాలు రాసి సీసాల్లో పెట్టి సముద్రంలోకి విసిరేవారు. వాటిలో ఒకటి శ్రీలంక చేరింది. దొరికిన మత్స్యకారుడు దాన్ని పోస్టులో పంపాడు. భాస్కర్ 2023లో కన్నుమూశారు. ఈ రంగంలో ఇప్పుడున్న చాలామంది ఆయన వేసిన పటాల మీదే నడుస్తున్నారు. “అంత ధైర్యం నాకు లేదు. నేను రోజూ ఇంటికి వెళ్లగలిగిన తీరాన్నే పట్టుకున్నాను. కానీ వదల్లేదు” అన్నారు మాస్టారు.

ఆ వదలకపోవడం ఎంత కష్టమో బయటివాళ్లకు తెలియదు. ఒక పరిశోధన ప్రాజెక్టుకు మూడేళ్లకు డబ్బు వస్తుంది. తాబేలు ఒక తరం గడవడానికి అంతకు ఎన్నో రెట్లు పడుతుంది. మధ్యలో డబ్బు రాని ఏళ్లలో సొంత జీతంతో, శిష్యుల సాయంతో అదే ఇసుక మీద అదే నెలలో నడిస్తే తప్ప ఆ అంకెలకు అర్థం రాదు.

ఆరో రోజు: కొల్లేరు మీదుగా దివిసీమ

కొల్లేరులో ఆగింది కొద్దిసేపే. 1999లో అభయారణ్యం, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు, 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టడం, ఆ తర్వాత మళ్లీ చెరువులు. అది వేరే కథ, వేరుగా రాయాల్సినంత పెద్దది. ఆటపాకలో గూడబాతులను చూసి నాగాయలంక వైపు సాగాం.

దివిసీమలో 1977 నవంబర్ 19 ఇంకా నిన్నటి మాటే. ఉప్పెన వేల ప్రాణాలను తీసుకుపోయింది. సొర్లగొంది వైపు పెద్దలు నీటి మట్టాన్ని చెట్టు మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. మడ అడవి ఎందుకు కావాలో ఇక్కడ ఎవరికీ ఉపన్యాసం ఇవ్వాల్సిన పని లేదు.

కృష్ణా అభయారణ్యంలో అటవీశాఖ హేచరీకి గుడ్లు తెచ్చేది ఎక్కువగా యానాది కుటుంబాలవాళ్లే. తెల్లవారకముందే ఇసుక మీద జాడ చూసి, గూడు ఎక్కడో సరిగ్గా పట్టి, గుడ్లను తిప్పకుండా బుట్టలో పెట్టుకుని, కొన్ని గంటల్లోపు తెచ్చి తిరిగి పూడ్చాలి. ఆలస్యమైతే లోపలి పిండం పెంకు గోడకు అంటుకుంటుంది. అప్పుడు గుడ్డు దొర్లితే పిండం చస్తుంది. ఈ పని చేసే ఒకామె మాకు తవ్వి చూపిస్తూ, ఏ జాడ కొత్తది, ఏది రాత్రి పోటు కంటే ముందుది అని చెబుతుంటే మాస్టారు పుస్తకం తీసి రాసుకున్నారు. ఆ నైపుణ్యానికి రోజుకూలీ లెక్కన, సీజను ఉన్నంతకాలమే డబ్బు ఇవ్వడం అన్యాయమని నా అభిప్రాయం.

హేచరీ చూడటానికి వచ్చిన డిగ్రీ విద్యార్థిని ఒకతె, తాను కూడా ఈ రంగంలోకి రావాలంటే ఏం చదవాలని అడిగింది. మాస్టారు చాలాసేపు ఆలోచించి చెప్పారు: “జంతుశాస్త్రం సరే. సంఖ్యాశాస్త్రం గట్టిగా నేర్చుకోమ్మా, అది లేకపోతే నువ్వు చూసింది నువ్వే నిరూపించలేవు. ఈత నేర్చుకో. చట్టాలు చదువు. పల్లెలో ఇల్లు అద్దెకు తీసుకుని ఒక ఏడాది ఉండు, ఏ ప్రశ్నా అడగకుండా. ఇంట్లోవాళ్లకు జీతం గురించి ముందే నిజం చెప్పు.” ఆ అమ్మాయి నవ్వలేదు. ఫోనులో కాదు, కాగితం మీద రాసుకుంది.

సాయంత్రం నాగాయలంకలో పడవ యజమానులు, చిన్న నావలవాళ్లు కలిసి కూర్చున్నారు. నావలవాళ్లు ముసాయిదా వినగానే సరేనన్నారు. ఒడ్డుకు దగ్గరగా ట్రాలర్లు వస్తే తెగేది తమ వలలే. యజమానుల పక్షం నుంచి ఒకాయన, మొగల ఎదురుగా మాత్రమే అయితే, అదీ మిగతా సీజనులో ఎక్కడా కొత్త ఆంక్ష పెట్టబోమని రాసిస్తే, ఆలోచిస్తామన్నారు. మరో ఇద్దరు లేచి వెళ్లిపోయారు. మాటామాటా పెరిగింది. మాస్టారు గొంతు పెంచలేదు, వెనక్కీ తగ్గలేదు.

ఏడో రోజు: నేలపట్టు, పులికాట్

నేలపట్టులో చెరువు నీళ్లలో నిలబడ్డ నీటికడప చెట్ల మీద గూడబాతుల గూళ్లు. వాటికి చేపలు పక్కనున్న పులికాట్ నుంచి వస్తాయి. ఒకదాన్ని అభయారణ్యంగా కంచె వేసి, రెండోదాన్ని వదిలేస్తే లాభం లేదన్నది తేలినీలాపురం నుంచి వింటున్న మాటే.

దేశంలో చిలికా తర్వాత అతి పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. చాలా చోట్ల నడుములోతు కూడా ఉండదు. శ్రీహరికోట రోడ్డు మీంచి చూస్తే లేత గులాబీ రంగు ఫ్లెమింగోలు తల కిందులుగా ముక్కు ముంచి, నీటిని వడకట్టి తింటున్నాయి. ఆ రంగు తిండిలోంచి వచ్చిందే. సముద్రంతో కలిపే మొగలు ఇసుకతో పూడుకుపోతే సరస్సు ఎండుతుంది, ఉప్పు పెరుగుతుంది, చేప పోతుంది. కోరంగిలో విన్న నీటి దారి సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది.

సూళ్లూరుపేట లాడ్జిలో మాస్టారు ముసాయిదా తిరగరాశారు. రాష్ట్ర తీరమంతటికీ వర్తించే ఒక పేరా కొట్టేశారు. మొగల ఎదుటి నీళ్లకే పరిమితం చేశారు. పడవ యజమానికీ, పడవలో పనిచేసే కలాసీకీ విడివిడిగా పరిహారం ఉండాలని చేర్చారు. రుషికుల్యలో పెద్దాయన అడిగిన ప్రశ్నను ఉన్నదున్నట్టు మొదటి పేజీలో పెట్టారు. టెడ్ గురించి రాసిన చోట విశాఖ యజమాని అభ్యంతరాలన్నీ వరసగా రాసి, ప్రతి దాని కింద తన దగ్గరున్న జవాబు, జవాబు లేని చోట ఖాళీ వదిలారు. హోప్ ఐలాండ్ కొలతలు అనుబంధంలో చేరాయి. నేను టైపు చేశాను.

మొదటి ప్రతులు మత్స్యశాఖకు వెళ్లలేదు. నాగాయలంక సమావేశంలోంచి లేచి వెళ్లిపోయిన ఇద్దరికి, విశాఖ యజమానికి, నావల సంఘానికి పంపారు. వాళ్లు గీతలు పెట్టి తిప్పి పంపడానికి నెల రోజులు గడువిచ్చారు. ఆ తర్వాతే అధికారులకు.